గీత మీద పడ్డ నుయ్యి

భిలాయి,
మాఘ శుద్ధ దశమి, 1969.

అక్కకు తమ్ముడు సూర్యనారాయణ నమస్కరించి రాసేది.

నువ్వూ బావా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? చలి వెనక్కి తగ్గింది కాబట్టి కొంత నయంగా ఉండాలి. ఎర్రావు ఈనిందా? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. నిద్ర పడుతోంది. ప్రతి ఉత్తరంలోనూ ఈ మూడు మాటలూ రాస్తూ వచ్చాను. వాటిలో తింటున్నాను అన్నది నిజం.

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. నీకు అక్షరాలు కూడబలుక్కోవడం కష్టమని తెలుసు. అందుకే పెద్దగా, విడివిడిగా రాస్తున్నాను. బావ పొలానికి వెళ్ళాక అరుగు మీద కూర్చుని, తొందర లేకుండా చదువు. తర్వాత ఏం చెయ్యాలో చివర రాశాను.

ముందు ఇక్కడి సంగతులు. పని మారలేదు. కాంట్రాక్టరు ఆఫీసులో ప్లాన్లు గీయడం. కార్ఖానా వాళ్ళకు ఇళ్ళు కడుతున్నారు. అన్నీ ఒకే రకం, ఒకదాని పక్కన ఒకటి, కంటికి ఆనినంత దూరం. తలుపు మీద నంబరు లేకపోతే ఎవరింటికి వాళ్ళు పోలేరు. బడిలో పిల్లలకు చెప్పిన లెక్కలే ఇక్కడ మేస్త్రీలకు చెబుతున్నాను. వాళ్ళే త్వరగా పట్టుకుంటారు. తప్పితే గోడ పడిపోతుందని వాళ్ళకు తెలుసు.

ఇక్కడి చలి మన వైపు చలి కాదు. పొద్దున్నే నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొయ్యబారిపోతాయి. పగలంతా ఎర్రదుమ్ము. చొక్కా ఉతికితే నీళ్ళు ఇటుక రంగుకు తిరుగుతాయి. ఇక్కడ నూతులు లేవు. కుళాయిలు. తిప్పితే వస్తుంది, కడితే ఆగుతుంది. నీళ్ళ కోసం ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. నాకది బాగానే ఉంది.

భోజనం మెస్సులో. రొట్టె, పప్పు, బంగాళాదుంప. మర్నాడు బంగాళాదుంప, పప్పు, రొట్టె. నువ్వు పంపిన చింతకాయ పచ్చడి అయిపోయింది. సగానికి పైగా అప్పన్నే తిన్నాడు. అప్పన్న అంటే నా గదిలో ఉండే మనిషి. నెల్లిమర్ల వాడు. అక్కడ జూటుమిల్లులో పదేళ్ళు చేసి, ఇక్కడికి వచ్చి వెల్డింగు నేర్చుకున్నాడు. నాకన్నా పెద్దవాడు, అయినా నన్ను మాస్టారూ అంటాడు. “మాస్టారూ, మీ అక్క సేతిలో ఏదో ఉన్నాదండి. ఈ పచ్చడి నాకినప్పుడల్లా మా ఆడదానికి ఉత్తరం రాసి తిట్టాలనిపిస్తాది” అంటాడు. వీలైతే మళ్ళీ కొంచెం చెయ్యి. అతని కోసమే. నాకు పులుపు సహించడం లేదు.

పని నుంచి వచ్చి కుళాయి కింద కాళ్ళు కడుక్కుంటాను. మన ఇంట్లో గుమ్మం పక్కన చెంబుతో నీళ్ళుండేవి. నేను బడి నుంచి వచ్చేసరికి నువ్వో, పెళ్ళయ్యాక సుభద్రో పెట్టేవారు. ఇంటి మనిషి రావాల్సిన వేళకు చెంబు అక్కడ లేకపోవడం నా చిన్నప్పటి నుంచీ నేను చూడలేదు. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, అసలు సంగతికి రావడానికి చెయ్యి వెనక్కి లాగుతోంది.

పుష్యమాసంలో ఒకే వారం రెండు వచ్చాయి. ఒకటి బావ ఉత్తరం. రెండోది సింహాచలం రాసిన కార్డు.

బావ ఉత్తరం నిండా విచారణ గురించే. శివరాత్రి వెళ్ళిన మర్నాడు పై ఆఫీసరు మన బడికే వచ్చి కూర్చుంటాడట. కలరా మందు వెయ్యడానికి వచ్చిన సింహాచలం మన నూతిలో మందు వెయ్యకుండా పోయాడని బావ ఇచ్చిన ఫిర్యాదు మీద విచారణ. బావ చూశానని చెబితే చాలట, అతని ఉద్యోగం పోతుందట. “వాడు గంజికి ఏడిస్తే గానీ నా కడుపు చల్లారదు” అని రాశాడు. అడుగున, కాగితం అయిపోయిన చోట, నీ గురించి రెండు ముక్కలు. ఇప్పటికీ ఆ కలరా సూది మాటే అంటున్నావని. అన్నం ముందు కూర్చుని “నానే సంపుకున్నాను పిల్లని” అని లేచిపోతున్నావని.

సింహాచలం కార్డులో నాలుగు వాక్యాలు. “మాస్టారు గారికి దండాలు. ఏడు నెలలై ఇంట్లో కూర్చున్నాను. ఆ గీత గీసింది తమరు, పక్కన రాసింది తమరు. ఒక్క ముక్క రాస్తే బతుకుతాను.”

కార్డు వచ్చి మూడు వారాలు దాటింది. నేను ఒక్క ముక్క రాయలేదు.

గీత ఏమిటని అడుగుతావు. అది నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ణి నేను.

గత జ్యేష్ఠంలో, నాగావళికి కొత్తనీరు వచ్చిన వారం. కింది ఊళ్ళో ఇద్దరు పోయారని తెలిసి, శానిటరీ ఇన్స్పెక్టరు సైకిలు మీద మన ఊరు వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, సింహాచలం, రాములు. ఇంటింటికీ వెళ్ళి సూది వెయ్యాలి. నూతుల్లో తెల్లపొడి కలపాలి. రెండు రోజుల్లో అయిపోవాలి. ఊరు చెరిసగం పంచుకొమ్మని అతను చెప్పాడు. వాళ్ళు బడి అరుగు మీదే తగువు పడ్డారు.

“ఆడికి ఊరంతా నీడండి, నాకు ఊరంతా ఎండండి” అన్నాడు సింహాచలం.

“నూతులు నీకు మూడు, నాకారు. అది సెప్పవేటి?” అన్నాడు రాములు.

“ఇళ్ళెన్నో సెప్పు మరి. సెప్పవు.”

“ఇంటికెల్తే మజ్జిగిస్తారు. నూతికెల్తే ఏటిస్తాది?”

పిల్లలు కిటికీల్లోంచి నవ్వుతున్నారు. ఇన్స్పెక్టరు నన్ను పిలిచి, “మీరు లెక్కల మాస్టారు కదా, వీళ్ళకు మీరే న్యాయం చెప్పండి” అన్నాడు.

నాకు సంతోషం వేసింది. ఆ మాట దాచను. విజయనగరం కాలేజీలో మా లెక్చరరు ఒకనాడు బోర్డు మీద రెండు రంగుల సుద్దతో చుక్కలు చల్లి ఒక సంగతి చూపించాడు. చుక్కలు ఎలా పడ్డా సరే, రెండు రంగుల్నీ ఒకేసారి సగం చేసే తిన్నని గీత ఒకటి ఉండి తీరుతుంది. పరీక్షకు రాదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు. నేను రాసుకున్నాను. ఏడేళ్ళు బడిలో వడ్డీలూ, భిన్నాలూ చెప్పాను. అది ఎవరికీ పనికొచ్చే సమయం రాలేదు. ఆ రోజు వచ్చింది.

కరణం గారి దగ్గర నుంచి ఊరి పటం తెప్పించి పల్చని కాగితం మీద ఎత్తి రాశాను. ఇంటికొక నల్లచుక్క, నూతికొక ఎర్రచుక్క. ఇళ్ళు నూట నలభై ఏడు. నూతులు తొమ్మిది. స్కేలు పెట్టి ముందు ఇళ్ళను సగం చేసే చోట ఆపాను. నూతులు లెక్కపెడితే కుడివైపు ఎక్కువ. స్కేలు కొంచెం తిప్పి, మళ్ళీ ఇళ్ళు సగమయ్యే చోటికి జరిపి, మళ్ళీ నూతులు లెక్కపెట్టాను. అలా తిప్పుకుంటూ పోతే సగం చుట్టు అయ్యేసరికి గీత మొదటి చోటికే వస్తుంది, కుడి ఎడమలు తారుమారవుతాయి. మొదట ఎక్కువున్న కుడివైపు అప్పటికి తక్కువవుతుంది. అంటే నడుమ ఎక్కడో సమానం కాక తప్పదు. అయింది. ఇటు డెబ్భై మూడిళ్ళు, నాలుగు నూతులు. అటు డెబ్భై మూడిళ్ళు, నాలుగు నూతులు.

లెక్క బేసి కాబట్టి ఒక ఇల్లు, ఒక నుయ్యి గీత మీదే పడ్డాయి. ఇల్లు నరసమ్మ పిన్నిది. నుయ్యి మన పెరటి సందులోది. మనం తాగే నుయ్యి.

“మరియ్యి ఎవలియండి?” అని రాములు అడిగాడు.

ఎవరికిచ్చినా రెండోవాడు మొదలుపెడతాడు. అంత అందమైన గీత పాడవుతుంది. మన వైపు పొలం పంచుకుంటే నడిమి గట్టు ఉమ్మడి. ఎవరి భాగంలోనూ కలపరు. నా చేతికి ఆ అలవాటే వచ్చింది. కాగితం అంచున రాశాను: “గీత మీదివి ఇద్దరివీ.” ఇద్దరికీ చదివి వినిపించాను. ఇద్దరూ తలూపారు. ఇన్స్పెక్టరు భేష్ అని సైకిలెక్కాడు.

అప్పటికి సుభద్ర మజ్జిగ తెచ్చి అరుగు చివర నిలబడి ఉంది. వాళ్ళు వెళ్ళాక కాగితం మీదకు వంగింది.

“ఇదేటి మావా, ముగ్గేసినావా?”

చెప్పాను. ఆవిడకు లెక్క అర్థమైంది. నాకన్నా త్వరగా అర్థమైంది. ఎర్రచుక్క మీద వేలు పెట్టింది.

“ఇది మన నుయ్యి కదా. ఇద్దరిదీ అంటే ఉమ్మడి గట్టు లాగన్నమాట.”

“అంతే.”

“మా నాన్నకీ ఎర్రన్నకీ ఉమ్మడి గట్టుంది కదా. గడ్డి కొయ్యడానికైతే ఇద్దరూ కొడవళ్ళట్టుకుని ఎగబడతారు. మొన్న గండి పడితే మూడ్రోజులు ఒకలి మొగం ఒకలు సూసుకున్నారు. నీళ్ళన్నీ పోయినాయి.”

“గట్టు వేరు, ఇది వేరు” అన్నాను.

“ఏటి వేరు?”

“నీకు తెలీదులే. గ్లాసు తీసుకుని ఇంటికి పో” అన్నాను.

ఆవిడ నవ్వింది. “ఇల్లరికం అల్లుడికి కోపమొచ్చినాది. అమ్మకి సెప్పాలి” అంటూ వెళ్ళింది. అక్కా, నీకు చెప్పిందా? చెప్పి ఉంటే నాకు రాయకు.

మర్నాడు నరసమ్మ పిన్ని ఇంటికి ఇద్దరూ వెళ్ళారు. పొద్దున్న సింహాచలం ఒక సూది వేశాడు, సాయంత్రం రాములు ఇంకోటి. ఆవిడ బడికి వచ్చి నా మీద విరుచుకు పడింది. “ఒరే సూరీ, ముసిల్దానికి రెండు జబ్బలకీ రెండు సూదులేట్రా? నీ గీత నా మీదే పడాలా?” అంది. అందరం నవ్వాం. ఇంటికి ఇద్దరూ ఎందుకు వెళ్ళారంటే, సూది వేసిన ఇంట వేలిముద్ర తీసుకోవాలి. ముద్ర ఎన్ని ఉంటే అంత మంచిది. నుయ్యి వేలిముద్ర వెయ్యదు. నూతి దగ్గర సింహాచలం రాములు వేస్తాడనుకున్నాడు. రాములు సింహాచలం వేశాడనుకున్నాడు. మందు బకెట్టు పట్టుకుని సింహాచలం ముందుకు పోతూంటే బావ చూసి అడిగాడు. “ఇది రాములొంతండి” అని అతను చెప్పాడు. అబద్ధం కాదు. అతను అలాగే అనుకున్నాడు. అదే సందులో గంట తర్వాత రాములు కూడా అలాగే పోయి ఉంటాడు. అప్పుడు అక్కడ బావ లేడు. అందుకని ఫిర్యాదులో ఒక్క పేరే ఉంది.

సూది సంగతి. ఆ రోజు సుభద్రకు ఒళ్ళు వెచ్చగా ఉందని, “జొరం మీద సూదేటి బాబూ, రేపు రా” అని నువ్వు సింహాచలాన్ని తిప్పి పంపావు. అతను మర్నాడు వచ్చేసరికి మందు అయిపోయింది. నువ్వు అన్నది ఏ తల్లయినా అనే మాటే. సూది వేసుకున్నవాళ్ళు కూడా ఆ నూతి నీళ్ళు తాగి పడ్డారు. మేదర పెంటయ్య వేసుకున్నాడు, పోయాడు. సుభద్ర, పెంటయ్య, వాళ్ళ ఎదురింటి ముసలాయన, పోయిన ముగ్గురూ తాగింది ఒకే నుయ్యి. సూది ఉన్నా లేకపోయినా నుయ్యి అదే. నువ్వు అన్నం ముందు కూర్చుని లేచిపోవడానికి ఇందులో కారణం లేదు. ఇది నీకు అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చదువు. నేను ఉత్తరం రాసింది సగం దీనికోసం.

ఆ రెండు రోజుల గురించి రాయను. నువ్వు పక్కనే ఉన్నావు. దాహం అని అడిగినప్పుడల్లా నేనే తోడి తెచ్చాను. అంతవరకే రాయగలను.

పదిరోజులయ్యాక బావ నన్ను కూర్చోబెట్టి ఫిర్యాదు చెప్పాడు, నేను రాశాను. నా చేతిరాత బాగుంటుందని. “సదరు సింహాచలం తనకు అప్పగించిన నూతిలో మందు వెయ్యక” అని బావ చెప్పాడు. అప్పగించిన అన్న మాట దగ్గర నా కలం ఆగింది. బావ నా వైపు చూశాడు. దుఃఖం అనుకుని భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఆ మాట రాశాను. కింద బావ సంతకం.

తర్వాత ఇన్స్పెక్టరు వచ్చి పంపకం కాగితం ఉందా అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. అతని ముఖంలో తేలిక కనిపించింది. కాగితం లేకపోతే అతను పంచమని నాకు అప్పగించిన సంగతీ లేదు. ఇద్దరం ఒకరినొకరు అర్థం చేసుకున్నాం. శ్రావణంలో నేను ఈ ఉద్యోగం వెతుక్కుని వచ్చేశాను. ఇల్లు చూడలేక వెళ్ళాడని ఊళ్ళో అనుకున్నారు. నువ్వూ అలాగే అనుకుని బస్సు దగ్గర నన్ను ఓదార్చావు. నేను చూడలేనిది ఇల్లు కాదు. బడి దారిలో సింహాచలం ఎదురైతే చూడలేను.

కాగితం నా పెట్టెలోనే ఉంది. ఇన్ని నెలలూ దాన్ని తీసి స్కేలు పెట్టి చూస్తున్నాను. వేరే గీతలేమైనా ఉన్నాయా అని. ఉన్నాయి. ఇంకో రెండు దొరికాయి. ఒకటి కోవెల నూతి మీదుగా, ఒకటి రజకుల వీధి నూతి మీదుగా. దేన్ని గీసినా ఒక నుయ్యి మిగిలేది. ఆ నీళ్ళు తాగే ఇంట్లో ఎవరో ఒకరు పోయేవారు. వాళ్ళ అక్కకు వాళ్ళు ఉత్తరం రాసుకునేవారు. లెక్కలో తప్పు లేదు. అంచున నేను రాసిన మూడు మాటల్లో ఉంది. అక్కడ ఒక పేరు రాసి ఉంటే సరిపోయేది.

నాలుగు రోజుల కిందట ఇక్కడ మా ఇంజనీరు కొత్త క్వార్టర్ల కుళాయిలను ఇద్దరు ఫిట్టర్లకు పంచమన్నాడు. ఇళ్ళూ, కుళాయిలూ. చేతికి వచ్చిన పనే. గీత గీశాను. ఒక కుళాయి గీత మీద పడింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఒక ఫిట్టరును పిలిచి, ఇది నీది అన్నాను. నాకు ఒకటి ఎక్కువవుతుంది సాబ్ అన్నాడు. అవుతుంది అన్నాను. గొణుక్కుంటూ సంతకం పెట్టి పోయాడు. అంతే అక్కా. ఒక మనిషి కాసేపు గొణుక్కున్నాడు. ఆ గొణుగుడు వినడం ఇష్టం లేక నేను ఆనాడు ఇద్దరివీ అని రాశాను.

ఆ సాయంత్రం అప్పన్న టీ పెట్టుకుంటూ అడిగాడు.

“మాస్టారూ, ఆ కారడుముక్క మూడు వారాలై తలగడ కిందెట్టుకుని పడుకుంటన్నారు. ఏటది, పెళ్ళిసంబంధమా?”

చదివి వినిపించాను. తర్వాత మిగిలింది చెప్పాను. ఇక్కడికి వచ్చాక ఒకరికి చెప్పడం అదే మొదలు. అతను టీ తాగడం మానేసి విన్నాడు.

“మిల్లులో ఒకపాలి మా జట్టోడి సెయ్యి మెసీన్లో పడిపోనాది” అన్నాడు. “మెసీను సిచ్చు ఆపనోడెవలని అడిగితే జట్టు జట్టంతా అందరం అని సెప్పినాం. మరందరం అంటే ఎవలికీ ఏటీ అవదు కదండి. ఆడికే అయినాది.”

“నువ్వు ఏం చేశావు?”

“నానేటి సేత్తాను. ఇక్కడికొచ్చి వెల్డింగు నేర్సుకున్నాను.” టీ గ్లాసు నా ముందు పెట్టి, “తమరు సదూకున్నోలు. నాలాగ సెయ్యకండి” అన్నాడు.

చదువుకున్నవాణ్ణి కాబట్టే ఎనిమిది నెలలు దాచగలిగాను. అతనికి ఆ మాట చెప్పలేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది. బావ పొలం నుంచి వచ్చి, అన్నం తిని, చుట్ట ముట్టించాక ఈ ఉత్తరం ఆయన చేతికి ఇయ్యి. మొదటి నుంచీ పైకి చదవమను. నడుమ లేచిపోతే పోనీ. తిరిగి వస్తాడు. నన్ను తిడితే అడ్డు రాకు. ఎప్పుడూ నాకూ ఆయనకూ నడుమ నువ్వే నిలబడ్డావు. అమ్మ పోయినప్పుడు నన్ను నీ వెంట అత్తారింటికి తెచ్చుకున్నావు. ఆయన ఒక్క మాట అనలేదు. పెంచారు, చదివించారు, పిల్లనిచ్చారు. నువ్వు నాకు అక్కవి, అత్తవి కూడా. ఆయన ముందు నాకు ఏ వైపు నుంచీ తల ఎత్తే దారి లేదు. ఈ ఒక్కసారి పక్కకు తప్పుకో.

ఆఫీసరుకు వేరే రాసి రిజిస్టరు చేశాను. అందులో ఉన్నదీ ఇదే, చుట్టరికాలు తప్ప. కాని ఎవరో పరాయి మనిషి బడిలో నలుగురి ముందు చదువుతుంటే మీరు మొదటిసారి వినకూడదు. అందుకు ఇది ముందుగా మీకు చేరేలా పంపుతున్నాను. బావ తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడో లేదో ఆయన ఇష్టం. చూసింది చూశానని చెప్పమను. నేను రాసింది నేను చెబుతాను.

ఆ కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను, టపాలో పోకుండా. నేనే తెస్తాను. ఫిర్యాదు పక్కన పెడితే చాలు. రెండిట్లో చేతిరాత ఒకటే అని ఆఫీసరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సింహాచలానికి కార్డు వేశాను. వస్తున్నాను అని ఒక్క ముక్క. నరసమ్మ పిన్నికి, హెడ్మాస్టరు గారికి నమస్కారాలు చెప్పు. పెంటయ్య భార్య కనబడితే ఇప్పుడేమీ అనకు. ఆవిడ దగ్గరకు నేనే వెళ్ళాలి. నీళ్ళు కాచే తాగండి, మందు వేశామని ఎవరు చెప్పినా సరే. మోకాలికి ఆముదం రాసుకో.

ఇక్కడ సెలవు ఇచ్చారు. శివరాత్రి ముందు రోజు రాయపూరులో బండి ఎక్కితే మర్నాటికి విజయనగరం. అక్కడి నుంచి బస్సు మన ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది.

నీ ఆశీర్వాదం కోరుతూ అని రాయడం మన వాడుక. ఈసారి ఆ మాట రాయకుండా వదిలాను. అడగడానికి నాకు హక్కు ఉందో లేదో నువ్వే తేల్చు. ఎదురుపడి చెప్పనక్కర్లేదు, బయటికి రానక్కర్లేదు. నేను సందు మలుపు తిరగ్గానే గుమ్మం కనిపిస్తుంది. పక్కన చెంబుతో నీళ్ళుంటే కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తాను. లేకపోతే పిలవకుండా నేరుగా బడి అరుగు మీదకు వెళ్ళిపోయి, విచారణ అయ్యేదాకా అక్కడే ఉంటాను.

నువ్వు పెంచిన తమ్ముడు,
సూర్యనారాయణ.